మిషన్ బాగానే ఉంది, మరి గుండె సంగతి?

ఈసీజీ కాగితం చూసి, గుండె కండరం ముందు ముందు బలహీనపడుతుందో లేదో ఏఐ ఇప్పుడే చెప్పేస్తుందన్న వార్త ఒకటి మా కాలేజీ వాట్సాప్ గ్రూపులో తిరిగింది. స్టాటిస్టిక్స్ చెప్పేవాణ్ణి కదా, "ఇది నిజమేనా మాస్టారూ" అని ఇద్దరు ముగ్గురు అడిగారు. నిజమే. 2019లో అమెరికాలో మేయో క్లినిక్ డాక్టర్లు ఈ పని చేసి చూపించారు. మామూలు ఈసీజీని కంప్యూటర్‌కి ఇస్తే, పంపింగ్ (కొట్టుకున్న ప్రతిసారీ గుండె తనలోని రక్తంలో ఎంత శాతం బయటికి నెడుతుందన్న లెక్క) బాగా పడిపోయినవాళ్ళని అది చాలావరకు పట్టుకుంది. పైగా, అప్పటికి పంపింగ్ బాగానే ఉన్నా కంప్యూటర్ 'తేడాగా ఉంది' అన్నవాళ్ళకి, తర్వాతి కాలంలో పంపింగ్ తగ్గే ముప్పు మిగతావాళ్ళకన్నా దాదాపు నాలుగు రెట్లు ఉందని తేలింది. ఇలాంటి ప్రయత్నాలు పేస్‌మేకర్ ఉన్నవాళ్ళ మీద కూడా జరుగుతున్నాయి. పేసింగ్ వల్లనే, అంటే ఆ మిషన్ కరెంటుతో కొట్టించడం వల్లనే, ఎవరి గుండె నీరసిస్తుందో ముందుగా లెక్కగట్టాలని.

ఆ రెండో సంగతి చదివినప్పుడే నాకు కాస్త చిరాకు వేసింది. పరిశోధన మీద కాదు. ఇక్కడ మన దగ్గర జరుగుతున్న తంతు మీద.

గుంటూరు బ్రాడీపేటలో ఉండే మా పెద్దమ్మ ఒకరోజు పొద్దున్నే పాల ప్యాకెట్ అందుకోడానికి గేటు దాకా వెళ్ళి, అక్కడే కుప్పకూలింది. నాడి నలభైకి లోపే. కంప్లీట్ హార్ట్ బ్లాక్ అన్నారు, అంటే గుండె పై గదుల నుంచి కింది గదులకి కరెంటు అందడం పూర్తిగా ఆగిపోయిందని, పేస్‌మేకర్ పెట్టారు, ప్రాణం నిలబడింది. కొన్నేళ్ళు హాయిగా తిరిగింది. తర్వాత మెట్లెక్కితే ఆయాసం, సాయంత్రానికి కాళ్ళ వాపులు. 'వయసు మీద పడలేదూ' అని ఆవిడే సర్దిచెప్పుకుంది. చివరికి ఎకో, అంటే గుండెకి అల్ట్రాసౌండ్ స్కాన్, తీస్తే పంపింగ్ 38 శాతం. గుండె రక్తనాళాల్లో అడ్డంకులేవీ లేవని యాంజియోగ్రాంలో తేలింది. "పేసింగ్ వల్ల వచ్చి ఉండొచ్చమ్మా" అన్నారు డాక్టరుగారు. ఆవిడ కళ్ళజోడు సర్దుకుని, "నిలబెట్టిన మిషనే పడగొడుతుందటండీ?" అని నిలదీసింది. ఆయన దగ్గర సమాధానం ఉంది, చెప్పారు కూడా. నా దగ్గర మాత్రం ఇంకో ప్రశ్న మిగిలిపోయింది. ఇంతకాలం ఎవరూ ఎకో ఎందుకు తీయించమనలేదు?

నేను చెప్పదలుచుకున్నది ముందే చెప్పేస్తాను. ఎవరి గుండె బలహీనపడుతుందో ఊహించడానికి కావలసిన అంకెలు మూడో నాలుగో, ఈపాటికే ఆ రోగి ఫైల్లో ఉంటాయి. వాటిని ఒకచోట పెట్టి చూసే మనిషి లేడు, చూడాల్సిన తారీఖూ లేదు. ఆ రెండూ లేనప్పుడు ఎంత తెలివైన ఏఐ వచ్చినా అది ఎవరి బల్ల మీదకి వస్తుంది?

కరెంటు ఎటు నుంచి పోతుందన్నదే గొడవ

పేస్‌మేకర్ గుండెని కొట్టుకునేలా చేస్తుంది, కానీ గుండె తనంతట తాను కొట్టుకునే తీరులో కాదు. సహజంగా కరెంటు, గుండెలో దానికోసమే ఉన్న నరాల్లాంటి దారుల్లో పోయి, ఎడమ జఠరిక (ఒంటికంతా రక్తం పంపే కింది గది) గోడలన్నింటినీ ఇంచుమించు ఒకేసారి తాకుతుంది. పేస్‌మేకర్ తీగని ఏళ్ళ తరబడి పెడుతూ వచ్చింది కుడి జఠరిక కింది కొన దగ్గర. అక్కడ పుట్టిన కరెంటు ఆ దారి దొరక్క, కండరంలోంచే ఒక కణం నుంచి ఇంకో కణానికి పాక్కుంటూ పోవాలి. దుర్గ గుడి దగ్గర ఫ్లైఓవర్ ఎక్కకుండా వన్‌టౌన్ సందుల్లోంచి భవానీపురం చేరడం లాంటిది ఇది. చేరతాం, కాకపోతే ఆలస్యంగా. ఈలోగా మధ్య గోడ ముందే ముడుచుకుంటుంది, అవతలి గోడ వెనకబడుతుంది. రెండూ కలిసి పిండాల్సిన చోట ఒకటి పిండుతుంటే ఇంకోటి సాగుతుంటుంది. రోజుకి లక్ష సార్లు. చాలామంది గుండెలు దీన్ని ఏళ్ళ తరబడి ఓర్చుకుంటాయి. కొందరివి ఓర్చుకోలేవు.

ఇది కొత్తగా తెలిసిన విషయమేమీ కాదు. 2002లో డేవిడ్ అనే ట్రయల్లో, 506 మంది ఐసీడీ (గుండె లయ ప్రమాదకరంగా తప్పితే షాక్ ఇచ్చే మిషన్) పెట్టించుకున్నవాళ్ళలో, అవసరం లేకపోయినా జఠరికని ఎక్కువగా పేస్ చేసిన వర్గమే ఎక్కువ దెబ్బతింది. 2009లో హాంకాంగ్ డాక్టర్లు ముందుండి చేసిన పేస్ ట్రయల్లో పంపింగ్ మామూలుగా ఉన్న 177 మందిని తీసుకున్నారు. ఏడాది తిరిగేసరికి రెండువైపులా, అంటే రెండు జఠరికలకీ, పేసింగ్ చేసినవాళ్ళ సగటు 62 దగ్గరే ఉంది, కుడివైపు కొనలో మాత్రమే చేసినవాళ్ళది 55కి దిగింది. ఏడు పాయింట్లే కదా అనిపిస్తుంది. సగటు అలాగే ఉంటుంది మరి, దాని చాటున చాలా మంది చెక్కుచెదరకుండా ఉంటారు, కొద్దిమంది చాలా కిందికి జారిపోతారు.

99 శాతం

పెద్దమ్మని చెకప్‌కి తీసుకెళ్ళేది విజయవాడ సూర్యారావుపేటకి. ఆ వీధి తెలిసినవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు, ప్రతి మేడ మీదా నాలుగు బోర్డులు, కింద మందుల షాపు, పక్కన కొబ్బరిబోండాల బండి. పేస్‌మేకర్ చూసేది డాక్టరుగారు కాదు, ఆ కంపెనీ నుంచి వచ్చే కుర్రాడు. లాప్‌టాప్ లాంటి మిషన్ ఒకటి తెరిచి, దానికి వేలాడే గుండ్రటి పరికరాన్ని పెద్దమ్మ ఎడమ భుజం కింద ఆ ఉబ్బు మీద ఆనించి పట్టుకుంటాడు. "మామ్మగారూ, ఒక్క నిమిషం తల తిరిగినట్టుంటుంది, భయపడకండి" అని, పేసింగ్ వేగం మెల్లగా తగ్గిస్తాడు, సొంత గుండె ఏమాత్రం కొట్టుకుంటోందో చూడ్డానికి. ఆవిడ కుర్చీ చెయ్యి గట్టిగా పట్టుకుని "ఒరే నాన్నా, కళ్ళు మూసుకుపోతున్నాయిరా" అనగానే మళ్ళీ పెంచేస్తాడు. చాలా మర్యాదస్తుడు. ఒక్కసారి కూడా విసుక్కోలేదు.

తర్వాత కరకరమంటూ ఒక సన్నటి కాగితం బయటికొస్తుంది. "బ్యాటరీ ఇంకా బాగుంది, తీగ బాగుంది, ఓకే మామ్మగారూ" అంటాడు. ఆ కాగితం మీద ఇంకో అంకె కూడా ఉంటుంది. జఠరికని మిషన్ ఎంత శాతం కొట్టిస్తోందో. పెద్దమ్మది 99. ఆ కుర్రాడి పని మిషన్ బాగోగులు చూడటం, అది అతను చక్కగా చేశాడు. 99 అంటే గుండె మీద ఎంత భారమో చెప్పడం అతని ఉద్యోగం కాదు. డాక్టరుగారి గదిలోకి వెళ్ళేసరికి ఆయన ముందు బయట కూర్చున్నవాళ్ళ చీట్లు గుట్టగా ఉన్నాయి. "చెకప్ అయిందా? ఓకే అన్నాడా? మంచిది, మందులు అవే వాడండి." అయిపోయింది.

ఇంటికొచ్చాక పెద్దమ్మ ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి బీరువాలో, రేషన్ కార్డుతో పాటు దాచేది. మొన్న పాతవన్నీ బయటికి తీసి వరసగా పేర్చుదామని కూర్చున్నాను. థర్మల్ పేపర్ కదా, గుంటూరు ఎండలకి సగానికి పైగా తెల్లబడిపోయాయి. పైన కంపెనీ పేరు కూడా కనపడ్డం లేదు. పేస్‌మేకర్ పెట్టకముందు తీసిన ఈసీజీ అయితే లేత గోధుమరంగు చారల్లా మిగిలింది. ఏఐకి నేర్పించడానికి వేల మంది రికార్డులు కావాలంటారు. మా ఇంటి బీరువాలో ఒక మనిషి రికార్డే ఎగిరిపోయింది.

లెక్క ఎంత గట్టిది

ఇప్పుడు నా వృత్తిలోకి వస్తాను. కుడివైపు పేసింగ్ ఎక్కువగా ఉన్నవాళ్ళలో ఎంతమందికి పంపింగ్ పడిపోతుంది? అమెరికాలో జరిగిన రెండు పెద్ద పరిశీలనలు తరచూ కనిపిస్తాయి. 2014లో వచ్చినదాంట్లో 257 మందిలో 19.5 శాతం, సగటున మూడేళ్ళ పైచిలుకు కాలంలో. 2016లో వచ్చినదాంట్లో 823 మందిలో 12.3 శాతం, నాలుగేళ్ళ పైచిలుకు కాలంలో. రెండింటికీ ఎందుకింత తేడా అంటే, మొదటిదాంట్లో పంపింగ్ కనీసం పది పాయింట్లు తగ్గి 50 కిందికి దిగితే లెక్కలో వేసుకున్నారు. రెండోదాంట్లో 40కో ఇంకా కిందికో పడితేనో, రెండువైపుల పేసింగ్‌కి మార్చాల్సి వస్తేనో లెక్క. గీత ఎక్కడ గీస్తే అంకె అక్కడ మారుతుంది.

ఇంకో తిరకాసు ఉంది. 2014 పరిశీలన మొదలైంది 1750 మందితో. అన్ని షరతులూ, అంటే మొదట పంపింగ్ బాగుండటం, పేసింగ్ ఎక్కువ ఉండటం, తర్వాత మళ్ళీ ఎకో తీసి ఉండటం లాంటివన్నీ దాటి మిగిలింది ఆ 257 మందే. మళ్ళీ ఎకో ఎవరికి తీస్తారు? మామూలుగా ఏదో ఒక బాధ చెప్పినవాళ్ళకి. కాబట్టి అసలు శాతం ఇంతకన్నా తక్కువ ఉండొచ్చు. లేదా మన పెద్దమ్మల్లాగా 'వయసు' అని సర్దుకుపోయి ఎకో దాకా రానివాళ్ళని కలిపితే ఎక్కువా ఉండొచ్చు. నేను క్లాసులో పిల్లలకి ఇదే చెబుతాను, లెక్కలోకి రానివాళ్ళ గురించి లెక్క ఏమీ చెప్పదని.

ముప్పు ఎవరికి ఎక్కువ అన్నదాని మీద కూడా ఈ పరిశీలనలు కొంత చెప్పాయి. మగవాళ్ళకి ఎక్కువ. మొదట్నుంచీ ఈసీజీలో క్యూఆర్ఎస్ (జఠరికలంతటా కరెంటు పాకడానికి ఎంతసేపు పట్టిందో చూపే గీత) వెడల్పుగా ఉన్నవాళ్ళకి ఎక్కువ. పేస్‌మేకర్ పెట్టేనాటికే పంపింగ్ కాస్త తక్కువగా ఉన్నవాళ్ళకీ, పేసింగ్ 20 శాతం దాటినవాళ్ళకీ ఎక్కువ. పెట్టిన తర్వాత ఈసీజీలో పేసింగ్ క్యూఆర్ఎస్, అంటే మిషన్ కొట్టించినప్పటి ఆ వెడల్పు, 150 మిల్లీసెకన్లు దాటిందా అన్నది ఇంకో గుర్తు. 2016లోనే వచ్చిన మరో పేపర్లో ఆ గీత, తర్వాత గుండె బలహీనపడినవాళ్ళలో 95 శాతం మందిని పట్టుకుంది.

95 అనగానే మనవాళ్ళు చప్పట్లు కొడతారు. ఆగండి. కుడివైపు కొనలో తీగ ఉన్నవాళ్ళలో 150 దాటడం చాలా మామూలు సంగతి. నూరు మందిని తీసుకుందాం, అందులో 15 మందికి ముందు ముందు ఇబ్బంది రాబోతుందనుకుందాం. 95 శాతం లెక్కన 14 మంది దొరికారు. మిగతా 85 మందిలో సగం మందికి కూడా 150 దాటిందనుకుంటే ఇంకో 42 మంది ఉత్తినే వలలో పడ్డారు. మొత్తం 56 మందికి 'జాగ్రత్త' అని చెప్పాం, నిజంగా జాగ్రత్త కావలసింది వాళ్ళలో నలుగురికి ఒక్కరికి.

ఇది చెత్త జోస్యమా? తర్వాత మనం ఏం చేస్తామన్నదాన్ని బట్టి ఉంటుంది. 'జాగ్రత్త' అన్నవాళ్ళకి ఇంకో ఆపరేషన్ చేస్తామంటే, ముగ్గురికి అనవసరంగా కోత పెట్టి ఒకరిని కాపాడినట్టు. అక్కడ ఇది చాలదు, ఇంకా పదునైన లెక్క కావాలి, ఏఐ వస్తే రానివ్వండి. కానీ 'జాగ్రత్త' అన్నవాళ్ళకి ఒక ఎకో తీస్తామంతే అయితే, నలుగురిలో ఒకరు దొరకడం బంగారం. ఎకోకి కోత లేదు, సూది లేదు, అరగంట పని, గుంటూరులో సందుకో చోట తీస్తారు. నిజానికి ఆ 56 మందిని ఏరడానికి కష్టపడే బదులు పేసింగ్ ఎక్కువున్న నూరు మందికీ ఏడాదికోసారి తీసేస్తే పోయేదేముంది, 44 ఎకోలు ఎక్కువ. అందుకే అంటున్నాను, పెట్టేశాక కావలసింది క్యాలెండర్. అసలు జోస్యం పనికొచ్చేది పెట్టకముందు, తీగ ఎక్కడ వేయాలో తేల్చుకునే రోజున. తమాషా ఏమిటంటే, ఆ రోజుకి పేసింగ్ క్యూఆర్ఎస్ అనేదే ఇంకా ఉండదు.

నా వాదనలో బెజ్జాలు

మా తమ్ముడు, అంటే పెద్దమ్మ కొడుకు, ఫార్మా కంపెనీలో పనిచేస్తాడు. ఇదంతా విని, "ఎకో అంత నమ్మదగ్గదేనా అన్నయ్యా?" అన్నాడు. మంచి ప్రశ్న. ఒకే మనిషికి ఇద్దరు తీస్తే ఐదారు పాయింట్ల తేడా రావడం వింత కాదు, ఒక్కోసారి పదీ రావచ్చు. కొన్నిచోట్ల కొలవకుండా కంటితో చూసి '60' రాసేస్తారు. పది పాయింట్ల పతనం కోసం చూస్తున్నప్పుడు కొలబద్దే పది పాయింట్లు ఊగితే ఎలా? దీనికి నా దగ్గర ఉన్న జవాబు పెద్ద గొప్పదేం కాదు. వీలైనంతవరకు అదే చోట, అదే మిషన్ మీద, అదే డాక్టరు చేత తీయించుకోవడం, పాతదాన్ని పక్కన పెట్టి పోల్చమనడం. దానికి పాతది ఉండాలి. పేస్‌మేకర్ పెట్టేముందు తీసిన ఎకో సీడీ గానీ రిపోర్టు గానీ పోగొట్టుకోకుండా ఉండాలి.

రెండోది, ప్రతి పతనాన్నీ మిషన్ మీదకి తోసేయడం. షుగరు, బీపీ, రక్తనాళాల జబ్బు, మందు అలవాటు, గుండె లయ తప్పడం, ఇవన్నీ కండరాన్ని దెబ్బతీసేవే. పేసింగ్ అని తేల్చేముందు ఇవి కావని చూడాలి. పేసింగే కారణమైతే అదో రకంగా మంచి వార్త కూడా. తీగ తీరు మారిస్తే చాలామందిలో పంపింగ్ మళ్ళీ పెరుగుతుంది.

మూడోది నన్ను నిజంగా ఇబ్బంది పెట్టేది. ఇలాంటివి రాస్తే ఎవరో ఒకరు చదివి, రేపు వాళ్ళ నాన్నకి పేస్‌మేకర్ కావాలంటే 'దానివల్ల గుండె పాడవుతుందట' అని వెనక్కి తగ్గుతారేమో. మనవాళ్ళకి బ్యాటరీ అంటేనే భయం. సెల్‌ఫోన్ ఏ జేబులో పెట్టుకోవాలి, ఇండక్షన్ స్టవ్ దగ్గర నిలబడొచ్చా అని అడగని ఇల్లు లేదు. కాబట్టి గట్టిగానే చెబుతున్నాను. కంప్లీట్ బ్లాక్ వచ్చినవాళ్ళకి పేస్‌మేకర్ లేకపోతే గేటు దగ్గర పడిపోవడమే ఆఖరు కావచ్చు. నూటికి ఎనభై మందికి పైగా ఏ ఇబ్బందీ లేకుండా ఉంటారు. 1958లో స్వీడన్‌లో మొట్టమొదటి పేస్‌మేకర్ శరీరంలో అమర్చుకున్న ఆర్నె లార్సన్, ఇరవైకి పైగా మిషన్లు మార్చుకుంటూ 2001 దాకా బతికాడు, పోయింది కూడా గుండె జబ్బుతో కాదు. పైగా పేస్‌మేకర్ ఉన్న ప్రతివాళ్ళకీ ఈ గొడవ లేదు. సైనస్ నోడ్ (గుండె కొట్టుకోడానికి కరెంటు మొదలయ్యే చోటు) జబ్బుతో పెట్టించుకున్నవాళ్ళలో చాలామందికి జఠరిక పేసింగ్ ఒకటి రెండు శాతానికి మించకుండా మిషన్ సెట్టింగుల్లోనే చూసుకోవచ్చు. ఆ కాగితం మీద శాతం ఎంతుందో అడగడానికి భయం ఎందుకు?

అసలు తీగే సరైన చోట వేస్తే?

దీనికి ఎదురుప్రశ్న ఒకటుంది, అది నా వాదన మొత్తాన్నీ అనవసరం చేసేయగలదు. 2017లో చైనాలోని వెన్‌ఝౌ డాక్టర్లు తీగని మధ్య గోడలోకి లోతుగా దించి, ఎడమవైపు సహజమైన కరెంటు దారినే పట్టుకున్నారు. లెఫ్ట్ బండిల్ పేసింగ్ అంటారు. మన పక్కన మదురై నుంచి కూడా దీని మీద మంచి పేపర్లు వచ్చాయి. అందరికీ ఇలాగే వేసేస్తే ఎవరికి బలహీనపడుతుందో ఊహించే పనేముంది?

నాకూ ఆశగానే ఉంది. 2023లో వచ్చిన అంతర్జాతీయ మార్గదర్శకాలు కూడా, పంపింగ్ కొంచెం తగ్గి, పేసింగ్ ఎక్కువ అవసరమయ్యేవాళ్ళకి ఇలాంటి సహజ పేసింగే మేలంటున్నాయి. కానీ ఇది చెయ్యి తిరగాల్సిన పని. గోడలోకి మరీ లోతుకి పోతే అవతలికి తన్నుకుపోవచ్చు. ఇరవై ముప్ఫై ఏళ్ళ తర్వాత ఆ తీగని బయటికి లాగాల్సి వస్తే ఎలా ఉంటుందో చెప్పేంత వయసు ఈ పద్ధతికి ఇంకా రాలేదు. పైగా ఇప్పటికే కుడివైపు కొనలో తీగలున్న మా పెద్దమ్మ లాంటివాళ్ళు ఎంతమందో. వాళ్ళకి ఈ కొత్త పద్ధతి వచ్చినంత మాత్రాన ఎకో అవసరం తీరిపోదు.

వాళ్ళందరికీ ఒకరోజు ఎలాగూ వస్తుంది, బ్యాటరీ మార్చే రోజు. పదేళ్ళు అటూ ఇటూగా. ఆ రోజు భుజం కింద కోసి, పాత డబ్బా తీసి కొత్తది పెట్టి కుట్టేస్తారు. నన్నడిగితే ఎకో లేకుండా అస్సలు దాటకూడని రోజు అది. ఎలాగూ కోస్తున్నారు, పంపింగ్ పడిపోయి ఉంటే కొత్త తీగ అప్పుడే వేయొచ్చు. 2023లో వచ్చిన బుడాపెస్ట్ ట్రయల్లో, పంపింగ్ 35కి దిగి పేసింగ్ ఎక్కువున్న 360 మందిలో, రెండువైపుల పేసింగ్‌కి మార్చినవాళ్ళలో 32 శాతం మందికే చెడు ఫలితం వచ్చింది. మార్చనివాళ్ళలో అది 79. చెడు అంటే మరణం, గుండె నీరసంతో ఆసుపత్రి పాలవడం, లేదా ఉబ్బిన గుండె అనుకున్నంత తగ్గకపోవడం, మూడూ కలిపి. మూడోది కలిపారు కాబట్టి తేడా అంత పెద్దగా కనిపిస్తోంది. అయినా మరణాలూ, ఆసుపత్రి చేరికలూ మాత్రమే తీసుకున్నా మార్చడమే మెరుగని తేలింది.

పెద్దమ్మది 38, అంటే ఆ ట్రయల్ గీతకి కొంచెం పైన. బ్యాటరీ ఇంకా రెండేళ్ళొస్తుందంటున్నారు. మందులు మొదలుపెట్టారు, వాపులు తగ్గాయి. ఇప్పుడే మార్చేయాలా, మందులతో లాగి బ్యాటరీతో పాటు మార్చాలా అన్నది ఇంట్లో తెగడం లేదు. తమ్ముడు ఆగుదామంటాడు, నేను ఆగొద్దంటాను. పెద్దమ్మ మా ఇద్దరి మాటా విని, "మీ ఇద్దరి అంకెలూ నాకొద్దు. ఇంకోసారి ఎకో తీయించండి. తగ్గితే చేయించుకుంటా, పెరిగితే మెట్లెక్కుతా" అంది. పోయినసారి తీసిన డాక్టరమ్మ దగ్గరే తీయిద్దామని ఫోన్ చేశాను. ఆవిడ మంగళ, శుక్రవారాలే వస్తారట, ఈ శుక్రవారం ఖాళీ లేదు, వచ్చే మంగళవారానికి రాసుకున్నారు.